బావినీళ్లతో చల్లబడే మిద్దె: నెల్లూరు ఎండల్లో వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నా, ఇది ఏసీ కాదు. గదిలోకి అడుగుపెట్టగానే ఒళ్లు జిల్లుమనే సుఖం దీంట్లో ఆశించకండి. కానీ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడిగాలి కొట్టే మా నెల్లూరు మిద్దె ఇళ్లలో కాస్త కంటినిండా నిద్ర కావాలంటే మాత్రం, ఈ ఇంటి మీద నేను పెట్టిన ఖర్చుల్లో దండగ కానిది ఇదే.

ఇల్లు కట్టేటప్పుడే స్లాబు మీద, పై పూత కింద, వేలి లావు ప్లాస్టిక్ గొట్టాన్ని జానెడు ఎడంతో మెలికలు మెలికలుగా పరిపించాను. అర హెచ్‌పీ మోటారు దొడ్లోని బావి నీళ్లను ఆ గొట్టాల్లో తిప్పుతుంది. వేడెక్కి వచ్చిన నీళ్లు కొబ్బరిచెట్ల పాదులకు పోగా మిగిలినవి తిరిగి బావిలో పడతాయి. మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు. "ఏంది సార్, స్లాబు కారకుండా ఉండేదానికి మేం నానా తంటాలు పడతావుంటే, మీరే దాంట్లో నీళ్లు పెట్టమంటారే!" అన్నాడు.

ఈ పురుగు నా బుర్రలో పెట్టింది టొరంటోలో ఉండే మా అబ్బాయి. అక్కడ అంటారియో సరస్సులోకి ఐదు కిలోమీటర్ల దూరం, 83 మీటర్ల లోతుకు గొట్టాలు వేసి, 4 డిగ్రీల నీళ్లు తెచ్చి, ఆ చలువను 2004 నుంచి ఊరి నడిబొడ్డునున్న భవనాలకు పంచుతున్నారు. చలువ తీసుకున్నాక ఆ నీళ్లనే మంచినీళ్లకు వాడతారు. 4 డిగ్రీల దగ్గర నీళ్లు అన్నిటికన్నా బరువుగా ఉంటాయి కాబట్టి, లోతైన చలిదేశపు సరస్సు అడుగున ఎండాకాలంలోనూ ఆ చల్లదనం అలాగే నిలిచి ఉంటుంది. జెనీవాలోనైతే సరస్సు నీళ్లకే హీట్ పంపులు (నీళ్లలోని వేడిని లాగి పెంచి ఇచ్చే యంత్రాలు) తగిలించి చలికాలం భవనాల్ని వెచ్చబెడతారు కూడా.

"మనకీ స్వర్ణాల చెరువుంది కదా నాన్నా" అన్నాడు వాడు. చెరువుంది, లోతేది? రొట్టెల పండక్కి జనం దిగి నిలబడి రొట్టెలు మార్చుకునే చెరువది. మే నెలలో కాలు పెడితే గోరువెచ్చగా తగులుతుంది. భూమిలోపలి నీళ్లు నయం, కాలంతో పెద్దగా మారవు. మా బావిలో థర్మామీటరు దించితే 28, 29. చెరువు నిండితే మా బావి ఊరుతుంది గనక, ఒక లెక్కన నేను వాడుకునేదీ చెరువు నీళ్లే.

29 డిగ్రీల నీళ్లు ఇంకేం చల్లబరుస్తాయని అందరూ అడుగుతారు. గదిలో గాలిని కాదు, స్లాబును. మిట్టమధ్యాహ్నం మిద్దె పైభాగం 55, 60 దాకా పోతుంది. ఆ వేడి నెమ్మదిగా కిందికి దిగి అర్ధరాత్రి దాకా మన మీద కుమ్మరిస్తుంది. ఖర్చు తగ్గుతుందని వంటింటి మీద గొట్టాలు వేయించలేదు, అందుకే తేడా కళ్లముందే ఉంది. సాయంత్రం ఏడింటప్పుడు స్టూలెక్కి అరచెయ్యి ఆనించి చూస్తే వంటింటి కప్పు జ్వరమొచ్చినోడి నుదురులా కాలుతుంది. థర్మామీటరు 42 చూపిస్తుంది. గోడ అవతల పడకగది కప్పు 33. చుట్టాలొస్తే ఈ స్టూలు తమాషా చూపించకుండా పంపను.

కరెంటు గంటకు సుమారు అర యూనిట్. మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనాల దాకా వేస్తే చాలు.

ఉక్కపోతకు మాత్రం ఇది మందు కాదు. పడమటి గాడ్పు కొట్టే రోజుల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. సముద్రపు గాలి తిరిగి ఒళ్లంతా జిగటైనప్పుడు కప్పు చల్లగానే ఉన్నా చెమట ఆరదు. హైదరాబాద్ పోచారంలోని ఇన్ఫోసిస్ భవనంలోనూ స్లాబులో గొట్టాలే, కానీ వాళ్లు బాగా చల్లబరిచిన నీళ్లు తిప్పుతూ, గదిలోకి తేమ తీసిన గాలి విడిగా పంపుతారు. ఆ గాలి ఏర్పాటు లేకుండా నెల్లూరులో అంత చల్లటి నీళ్లు తిప్పితే కప్పుకు చెమట పట్టి మంచం మీద చుక్కలు పడతాయి. నా 29 డిగ్రీల నీళ్లతో ఆ టెన్షన్ లేదు.

ఇక తిప్పలు. గొట్టాలు పరిచిన కాంట్రాక్టరు, వద్దన్నా వినకుండా స్లాబు మీదే ఒక అతుకు పెట్టాడు. మొదటి వేసవిలోనే అక్కడ కారింది. పై పూత పగలగొట్టి బాగుచేయించింది నా డబ్బుతో. ఫోన్ కూడా ఎత్తలేదు మహానుభావుడు. రెండోది ఉప్పు. మా నీళ్లకు గొట్టాల్లో తెల్లగా గార కడుతుంది, ఏటా వేసవికి ముందు వెనిగర్ కలిపిన నీళ్లు తిప్పి కడగాల్సిందే. వానలు మొహం చాటేసిన ఏడాది మే చివరికి బావి అడుగంటి, సరిగ్గా అవసరమైనప్పుడే మోటారు ఆపాల్సి వచ్చింది.

వీధి మొత్తానికి ఒకే పంపు, ఒకే గొట్టాల వరస పెడదామని కాలనీలో కొన్నాళ్లు మాటలు నడిచాయి. మోటారు కాలితే ఎవరి వంతు ఎంత అనే దగ్గర ఆగిపోయింది. దీంతో చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకోవచ్చా అని ఒకాయన అడిగారు. నెల్లూరులో!

కొత్తగా కట్టుకునేవాళ్లు బావో, ఉప్పు తక్కువున్న బోరో ఉంటే ధైర్యంగా వేయించుకోండి. అతుకు లేని ఒకే చుట్ట గొట్టం కొనండి, రెండు కొసలూ గోడ బయటికే తీయించండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు దీనికోసం మిద్దె పగలగొట్టొద్దు. ముందు పైన తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించి ఒక వేసవి చూడండి.