బెర్లిన్ అలైడ్ మ్యూజియం: నోటీసు అందుకుని వచ్చిన సైనికుల చిరునామా

బెర్లిన్ నైరుతి శివారులో, యూ3 మెట్రో మార్గంలోని ఓస్కార్ హెలెనె హైమ్ స్టేషన్‌కు నడక దూరంలో, క్లే అలీ రోడ్డు మీద ఈ మ్యూజియం ఉంది. టికెట్ లేదు. సోమవారం సెలవు. వివరణలు జర్మన్, ఇంగ్లీషు, ఫ్రెంచ్ భాషల్లో ఉంటాయి కనుక మనవాళ్లకు ఇబ్బంది ఉండదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో మిత్రరాజ్యాలైన (అలైడ్) అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సుల ఆక్రమణ పాలన 1955లో ముగిసినా, బెర్లిన్‌లో అది చట్టరీత్యా 1990 దాకా కొనసాగింది. అక్కడ కాపలా కాసినవారిలో ఎందరో సైన్యాన్ని వృత్తిగా ఎంచుకున్నవారు కారు, ప్రభుత్వం పిలిస్తే తప్పక వెళ్లిన కుర్రవాళ్లు. బ్రిటన్‌లో 1949 నుంచి 18 నెలలుగా ఉన్న నేషనల్ సర్వీసు, అంటే నిర్బంధ సైనిక సేవ, కొరియా యుద్ధం కారణంగా 1950లో రెండేళ్లకు పెరిగింది. చివరి విడత వారు 1963లో ఇళ్లకు చేరారు. అమెరికా 1973లో ఈ పద్ధతిని మానుకుంది. ఫ్రాన్సులోనైతే, 1994లో తన దళాలు బెర్లిన్‌ను వీడే నాటికి కూడా నిర్బంధ సేవ అమలులోనే ఉంది.

ఆరుబయట నిలిపిన హేస్టింగ్స్ విమానం, 1948-49లో సోవియట్ యూనియన్ పశ్చిమ బెర్లిన్‌కు దారులు మూసిన దిగ్బంధ కాలంలో నగరానికి బొగ్గు, తిండి మోసిన రోజులకు గుర్తు. పిల్లలు ముందు దాని దగ్గరికే పరుగెత్తుతారు. పక్కనే ఫ్రెంచ్ సైనిక రైలు పెట్టె ఉంది. తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య సరిహద్దు దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీ నుంచి 1990 జూన్‌లో తొలగించిన అసలు కాపలా గది కూడా ఇక్కడే ఉంది. ఆ చోటు ఉన్న ఫ్రీడ్రిష్ వీధిలో ఇప్పుడు పర్యాటకులు గుమిగూడి ఫొటోలు తీసుకునేది నకలు.

అయితే నన్ను ఎక్కువసేపు నిలిపినది భవనమే. అమెరికన్ సైనికుల కోసం కట్టిన ఔట్‌పోస్ట్ సినిమా హాలులోను, వారి గ్రంథాలయంలోను ప్రదర్శన ఏర్పాటు చేశారు. సొంత భాషలో సినిమా, పుస్తకాలు, సొంత దుకాణాలు అన్నీ అందుబాటులో ఉన్నప్పుడు, బలవంతంగా వచ్చిన ఒక పందొమ్మిదేళ్ల కుర్రవాడు జర్మన్ భాష అవసరమే లేకుండా తన గడువు పూర్తి చేసుకోగలిగేవాడని ఆ హాలులో నిలబడితే సులభంగా అర్థమవుతుంది. గాజు పెట్టెల్లోని యూనిఫారాలు ఆ మాట ఇంత స్పష్టంగా చెప్పలేవు.

మ్యూజియాన్ని టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయానికి తరలించాలన్న ప్రతిపాదన కొన్నేళ్ల క్రితం వచ్చింది. విమానానికి అక్కడ చోటు బాగానే కుదరవచ్చు. సినిమా హాలును మాత్రం మోసుకెళ్లలేరు కనుక, ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవారు దాన్ని ఉన్నచోటనే చూడటం మంచిది.