బటన్ చాకుల్లో ఏది మేలు? పర్లాకిమిడి వైపు వాళ్ల లెక్కలో

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మన కుర్రాళ్లకు ఈమధ్య బటన్ చాకుల మీద మోజు పట్టింది. ఫోన్‌లో చూస్తారు, బొటనవేలు కదిపితే చాలు, టక్కుమని బ్లేడు బయటికొస్తుంది. ఇంకేముంది, అమెరికాలో ఉన్న బావకి మెసేజ్ వెళ్లిపోతుంది. కాశీనగర్ దగ్గర జీడితోట చూసుకునే మా అక్క కొడుకూ అదే అడిగాడు: "ఏటి మావయ్యా, బెంచ్‌మేడ్ తెమ్మనీదా, మైక్రోటెక్ తెమ్మనీదా? ప్రోటెక్ కూడా బాగుంతాదంతన్నారు."

మూడూ అమెరికా చాకు కంపెనీలే. వాటిలో వాటికే పోటీ పెడితే నా ఓటు ప్రోటెక్‌కి. వాడి జీడితోటకీ వాడి బండి డిక్కీకీ అయితే మూడింట్లో ఏదీ వద్దు. ముందు మొదటి మాట సంగతి చూద్దాం.

బటన్ చాకులు రెండు జాతులు. ఒకటి పక్కకు తెరుచుకునేది. బ్లేడు ఇరుసు దగ్గరుండే స్ప్రింగు దాన్ని ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. బటన్ కింద చిన్న ఉక్కు గూటం ఒకటి బ్లేడు మొదట్లో చెక్కిన గాడిలో కూర్చుని దాన్ని ఆపుతుంది. నొక్కితే గూటం తప్పుకుంటుంది, బ్లేడు తిరుగుతుంది, అదే గూటం రెండో గాడిలో పడి తాళం వేస్తుంది. మూసేటప్పుడు మళ్లీ బటన్ నొక్కి, స్ప్రింగుకి ఎదురు తోస్తూ మడవాలి. పనితనం సరిగా ఉంటే ఈ తాళం గట్టిది. ప్రోటెక్ చాకులు చాలావరకూ, కెర్షా అనే ఇంకో కంపెనీ వాళ్ల లాంచ్ వరసా ఈ జాతివే. బెంచ్‌మేడ్‌లో ఇవీ ఉన్నాయి, రెండో జాతివీ ఉన్నాయి.

రెండో జాతి ముందుకు దూసుకొచ్చేది. పిడి ముందు కొసలో సన్నని నోరు ఉంటుంది, బ్లేడు అందులోంచే వస్తుంది, అందులోకే పోతుంది. 1994లో మొదలైన మైక్రోటెక్‌కి పేరు తెచ్చినవి ఇవే, వాటిలో అల్ట్రాటెక్ బాగా తెలిసిన మోడల్. బెంచ్‌మేడ్‌లో ఇన్ఫిడెల్ ఈ రకం. పక్కనున్న మీటను ముందుకు తోస్తే స్ప్రింగు సాగి బ్లేడుని విసురుతుంది, వెనక్కి లాగితే అదే తీరున లోపలికి గుంజుకుంటుంది. చూడ్డానికి దీన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ బ్లేడు గాడిలో ముందుకీ వెనక్కీ పరిగెత్తాలంటే చుట్టూ వెంట్రుకవాసి ఖాళీ ఉండి తీరాలి. అందుకే ఎంత ఖరీదైనదైనా మొన పట్టుకుని ఊపితే కొంచెం కదులుతుంది. అది లోపం కాదు, దాని పుట్టుకే అంత. బయటికొచ్చే దారిలో ఏదైనా అడ్డం తగిలితే బ్లేడు మధ్యలో తాళం తప్పి వేలాడుతుంది, చేత్తో లాగి మళ్లీ ఎక్కించాలి.

ఆ కదలిక తోటలో ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడండి. జీడి అంటు కట్టేటప్పుడు మొక్క తల కోసి, నిలువునా చీల్చి, తెచ్చిన కొమ్మ మొదలుని చీలమేకులా రెండు వైపులా చెక్కి అందులో దించి పాలిథిన్ పట్టీ చుడతాం. ఆ చెక్కుడు రెండు పక్కలా నున్నగా, సమంగా ఉండాలి. ఒక్క లాగులో కోయాలి, గీకితే అంటు నిలవదు. బ్లేడు పిడిలో ఇటూ అటూ మెదిలిందంటే కోత మెలి తిరుగుతుంది, కొమ్మకీ మొక్కకీ మధ్య సందు పడుతుంది. మూడొందల డాలర్ల చాకుతో కట్టినా ఆ అంటు ఎండిపోతుంది.

ఇక ప్రోటెక్ వైపు ఎందుకు మొగ్గానంటే, 1999లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ చిన్న కంపెనీ పని దాదాపు అంతా ఈ బటన్ చాకులే. బ్లేడు తెరిచాక ఇరుసు దగ్గర ఊగుడు ఉండదు, బటన్ బిగువుగా కూర్చుంటుంది. న్యూపోర్ట్ అనే మోడల్ జేబుకి సరిపోయే కొలత. ఇటీవలి కొన్నిటికి మాగ్నాకట్ ఉక్కు వేస్తున్నారు. 2021లో వచ్చిన ఈ ఉక్కు పదును నిలబెట్టుకుంటూనే తుప్పుని బాగా తట్టుకుంటుంది, మన వానాకాలానికి ఆ గుణం ముఖ్యం. ఒక్కటే చిక్కు, ఇంటి సానరాయి మీద అది ఓ పట్టాన లొంగదు, డైమండ్ పలక కావాలి.

కెర్షా లాంచ్ ప్రోటెక్ కంటే తక్కువ ధరలో దొరుకుతుంది. కంపెనీ జపాన్ వాళ్ల కాయ్ గ్రూపుది, ఈ వరస మాత్రం అమెరికాలోని ఒరెగాన్‌లోనే తయారవుతుంది. డబ్బు చూసుకునేవాళ్లకి ఇదే మేలు. ఒరెగాన్‌దే అయిన బెంచ్‌మేడ్‌కి పేరుంది, పంపిస్తే ఉచితంగా పదును పెట్టి ఇస్తారన్న మాటా ఉంది. పర్లాకిమిడి నుంచి ఒరెగాన్‌కి చాకు పంపి పదును పెట్టించుకునేవాడు ఎవడో నాకు తెలీదు. ఆ సేవకీ కలిపి ధర కట్టడం మనకి దండగ.

మన దగ్గర ఆన్‌లైన్‌లో వెయ్యికీ రెండు వేలకీ మైక్రోటెక్ అని అమ్మేవి మైక్రోటెక్ కావు. అసలు అల్ట్రాటెక్ ధర అమెరికాలోనే రెండొందల డాలర్లు దాటుతుంది. పక్కకు తెరుచుకునే రకం నకలు సరుకులో గూటం మెత్తటి ఇనుముదైతే నాలుగు రోజులకే అరిగి, జేబులోనే తెరుచుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు రెండో మాట. అమెరికాలో బటన్ చాకుల మీద 1958 నుంచి కేంద్ర చట్టం ఉంది, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వ్యాపారంగా పంపడాన్ని అది కట్టడి చేస్తుంది. అక్కడి తపాలాలో వీటిని మామూలు మనుషులకి పంపడం నిషేధం. కాలిఫోర్నియాలో జేబులో పెట్టుకోవాలంటే బ్లేడు 2 అంగుళాల లోపే ఉండాలి, కెర్షా లాంచ్ 4 బ్లేడుని 1.9 అంగుళాలకి ఆపింది అందుకే. అంటే బావ "పోస్టులో పడేస్తాలే" అంటే నమ్మొద్దు.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి తప్ప. ఈ ముక్క పట్టుకుని "మూడంగుళాల చాకుకి ఏం భయం" అంటారు మనవాళ్లు. అదే చట్టం నాలుగో సెక్షన్ కింద ఏ ప్రాంతానికైనా ఏ రకం ఆయుధానికైనా కేంద్రం విడిగా కట్టుబాటు పెట్టొచ్చు. ఢిల్లీలో 1980లో వచ్చిన నోటిఫికేషన్ అలాంటిదే: బటన్‌తో గానీ ఇంకే యంత్రంతో గానీ తెరుచుకునే చాకు, బ్లేడు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు గానీ అంతకు మించి గానీ ఉంటే, దాని తయారీ, అమ్మకం, అమ్మకానికి దగ్గర ఉంచుకోవడం కుదరదు. న్యూపోర్ట్ బ్లేడు 3 అంగుళాలు, అంటే సరిగ్గా 7.62. అది ఢిల్లీ మాట, మన గజపతి జిల్లాది కాదు. అయినా పోలీసు కంటికి బటన్ చాకు ఎలా కనిపిస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మన దారి సంగతి తెలిసిందే. పొద్దున్న పర్లాకిమిడిలో, మధ్యాహ్నం ఆంధ్రా వైపు పాతపట్నంలో, సాయంత్రం మళ్లీ ఇటు. సరిహద్దులో గంజాయి తనిఖీ ఎప్పుడు తగులుతుందో చెప్పలేం. డిక్కీలో అంట్లు కట్టే చాకు కనిపిస్తే "తోటకా?" అని పక్కన పెట్టేస్తారు. నల్లటి పిడి, ఎర్ర బటన్ ఉన్నది కనిపించి, కానిస్టేబుల్ వేలు తగిలి అది టక్కుమందంటే, అక్కణ్ణుంచి ఒడియాలో ఎంత బాగా మాట్లాడినా గంట పోయినట్టే. ఈ ఒక్క కారణం చాలు నాకు.

ఇంకో కారణం తోటలోనే ఉంది. జీడిపండు రసం, గింజ తొక్కలోని జిడ్డు, చైత్రంలో దుమ్ము, శ్రావణంలో బురద, ఇవన్నీ బటన్ సందులోకి, మైక్రోటెక్ అయితే ముందున్న నోట్లోకి పోతాయి. మామూలు మడత చాకుని నీళ్లలో జాడించి, తుడిచి, ఇరుసులో కొబ్బరి నూనె చుక్క వేస్తే అయిపోయింది. స్ప్రింగున్న దాన్ని విప్పడం ఇంటి స్క్రూడ్రైవర్ పని కాదు.

మరి ఏం కొనాలి? అంటు కట్టడానికైతే లుధియానా ఫాల్కన్ వాళ్ల అంట్లు కట్టే చాకు. బ్లేడుకి ఒకవైపే పదును పట్టినది అడగండి, కోత చదునుగా వస్తుంది. ఖరీదు తక్కువ, తోటలో పోయినా ప్రాణం ఉసూరుమనదు.

రోజూ జేబులో ఉండేదానికి చాలామంది ఫ్రాన్స్ ఓపినెల్ నంబర్ 8 చెప్తారు. 1890లో మొదలైన ఓపినెల్ వాళ్ల చాకు, పల్చటి బ్లేడు, పండు కోసినా తాడు కోసినా హాయి. 1955లో చేర్చిన కంఠం రింగు తిప్పితే తాళం పడుతుంది. దానికి బీచ్ చెక్క పిడి. చెక్క తడికి ఉబ్బి ఇరుసు బిగుసుకుంటుంది, సరిగ్గా మనం అంట్లు కట్టే వానల్లోనే. పిడి వెనక కొసని రాయి మీద టప్పున కొడితే బ్లేడు కాస్త బయటికొస్తుంది, వాళ్ల ఊళ్లోనూ అలాగే చేస్తారు. కార్బన్ ఉక్కుది వద్దు. పచ్చి మామిడికాయ ఒకటి కోస్తే నల్లబడుతుంది, జీడిపండు కోస్తే ఇంకా ఎక్కువ. స్టెయిన్‌లెస్ తీసుకోండి. ఇంట్లో వాడకానికి బంగారం, తోటకి రెండో వరస.

నా జేబు ఎంపిక స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వాళ్ల ఫార్మర్. అల్యూమినియం పిడి ఉబ్బదు, బురద పట్టినా కడిగేయొచ్చు, చిన్న రంపంతో బొటనవేలంత కొమ్మ తెగుతుంది. ఉక్కు మరీ గట్టిది కాదు గనక పదును తొందరగా తగ్గుతుంది, అంతే తొందరగా మామూలు సానరాయి మీద తిరిగొస్తుంది. బ్లేడుకి తాళం లేదు, అందుకని మొనతో పొడిచే పని దీంతో పెట్టుకోకూడదు, వేళ్ల మీదికి మడుచుకుంటుంది.

"రెండో చేత్తో కొమ్మ పట్టుకుని ఉంటాను, ఒంటి చేత్తో తెరుచుకోవద్దేటి మావయ్యా?" అని మావాడి వాదన. న్యాయమైనదే. బటన్ వల్ల వచ్చే నిజమైన లాభం అదొక్కటే. కానీ ఆ లాభాన్ని స్ప్రింగు లేకుండా అమెరికా స్పైడర్‌కో కంపెనీ 1981లోనే ఇచ్చింది, బ్లేడులో గుండ్రటి కన్నం పెట్టి. కన్నంలో బొటనవేలు ఆన్చి తోస్తే తెరుచుకుంటుంది, లోపల తాళం పడుతుంది. బటన్ లేదు గనక టక్కుమని ఎగిరేదేమీ లేదు. వాళ్ల టెనేషియస్ రకం కెర్షా లాంచ్ కంటే తక్కువకే దొరుకుతుంది. బావ చేత తెప్పించుకోవాలంటే తెప్పించుకోదగ్గది అది. వచ్చేటప్పుడు చెక్-ఇన్ పెట్టెలో పెట్టుకోమనండి, చేతిసంచిలో పెడితే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.