వాటర్‌ఫాలా, అజైలా, స్పైరలా: వ్యాపార సమాచార వ్యవస్థకు ఏది మేలు?

ఆర్డర్లు, స్టాకు, బిల్లింగు, జీతాలు అన్నిటినీ ఒకే వ్యవస్థలోకి తేవాలని ఒక సంస్థ అనుకోగానే సాఫ్ట్‌వేర్‌ను ముందే అంతా రాసుకుని వరసగా కట్టే వాటర్‌ఫాలా, కొద్దికొద్దిగా కట్టి యూజర్లకు చూపిస్తూ సరిదిద్దుకునే అజైలా అనే చర్చ మొదలవుతుంది. ఆ చర్చ వ్యవస్థ మొత్తం మీద జరగడమే అసలు పొరపాటని నా అభిప్రాయం. ఏ భాగానికి ఏ పద్ధతి అన్నది విడివిడిగా తేల్చుకోవాలి. అందుకు రెండే ప్రశ్నలు: ఆ భాగంలో ఏం కావాలో ఇప్పటికే ఎవరికైనా కచ్చితంగా తెలుసా? తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడం ఎంత కష్టం?

ముందు వాటర్‌ఫాల్ సంగతి. అవసరాలు రాసి, సంతకాలు తీసుకుని, డిజైను, కోడింగు, టెస్టింగు వరసగా చేసుకుపోవడం దీని పద్ధతి. 1970లో అమెరికా సాఫ్ట్‌వేర్ నిపుణుడు విన్‌స్టన్ రాయిస్ రాసిన పత్రాన్ని దీనికి మూలంగా చెబుతారు. ఆ పత్రంలో వాటర్‌ఫాల్ అనే మాటే లేదు. దశల బొమ్మ గీసిన రాయిస్ ఆ వెంటనే, ఇలా ఒక్క ఊపున కిందికి దిగితే ప్రమాదమనీ, లోపాలు చివరన టెస్టింగులో గానీ బయటపడవనీ హెచ్చరించాడు. కొత్త రకం వ్యవస్థ అయితే రెండుసార్లు కట్టమన్నాడు. బొమ్మను అందరూ తీసుకున్నారు, హెచ్చరికను వదిలేశారు. 1985లో అమెరికా రక్షణ శాఖ సాఫ్ట్‌వేర్ తయారీకి తెచ్చిన 2167 ప్రమాణం దాదాపు ఆ వరసనే కాంట్రాక్టర్లకు నిబంధన చేసింది. 1994లో దాని స్థానంలో వచ్చిన 498 ప్రమాణం విడతలవారీ పనికి చోటిచ్చింది.

అంతమాత్రాన వాటర్‌ఫాల్‌ను పారేయనక్కర్లేదు. పన్ను లెక్కలు, లెడ్జరు, జీతాల మినహాయింపులు వంటి వాటిలో నియమం చట్టంలోనో సంస్థ నిబంధనల్లోనో ముందే రాసి ఉంటుంది. కోడు రాయకముందే ఏ అంకె ఇస్తే ఏ అంకె రావాలో పట్టిక వేయొచ్చు. సగం తయారైన పన్ను లెక్కను రెండు వారాలకోసారి యూజర్లకు చూపించినా వాళ్లు కొత్తగా చెప్పేది పెద్దగా ఉండదు. ఇక్కడ నా మాటకు ఎదురుగా ఒక ఉదాహరణ ఉంది, దాన్ని దాచను. అజైల్ పద్ధతుల్లో ముఖ్యమైన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ రూపుదిద్దుకున్నదే క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల ప్రాజెక్టులో. ఆ వ్యవస్థ కొంతమంది ఉద్యోగులకు నిజంగానే జీతాలు లెక్కగట్టింది. కానీ మిగతా వాళ్లందరినీ అందులోకి తేకముందే, 2000లో, ప్రాజెక్టు ఆపేశారు. దీన్నిబట్టి ఏ పద్ధతి గెలిచిందో తేల్చలేం. జీతాల లెక్క అందరూ అనుకునేంత తేలికైన పని కాదని మాత్రం తెలుస్తుంది.

అజైల్ విలువ తెలిసేది యూజర్ కూర్చుని పనిచేసే చోట: కేసు ఫైళ్లు, ఆర్డర్ ఎంట్రీ, ఆమోదాలు, ఫిర్యాదుల పరిష్కారం. ఈ పనుల్లో ఏం కావాలో స్క్రీన్ కళ్లముందు కనబడేదాకా యూజర్‌కే స్పష్టంగా తెలియదు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అనుభవం దీనికి మంచి ఆధారం. వర్చువల్ కేస్ ఫైల్ పేరుతో మొదలుపెట్టిన వ్యవస్థకు అవసరాల పత్రమే 800 పేజీలు దాటింది. పని నడుస్తుండగానే మార్పులు వచ్చి పడుతూనే ఉన్నాయి. పాత వ్యవస్థను ఒక్కసారిగా తీసేసి కొత్తది పెట్టాలన్నది పథకం. సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో దాన్ని వదిలేశారు. తర్వాత వచ్చిన సెంటినెల్ కూడా మొదట దశలవారీ కాంట్రాక్టుగానే నడిచి వెనకబడింది. 2010లో సంస్థే పని తన చేతిలోకి తీసుకుని, చిన్న బృందంతో స్క్రమ్ అనే అజైల్ పద్ధతిలో సాగించి, 2012 జులైలో అందరికీ అందించింది. ఇందులో స్క్రమ్ గొప్పతనంతో పాటు మరొకటి కూడా ఉంది: ఏది ముందో ఏది తర్వాతో నిర్ణయించే అధికారం కాంట్రాక్టర్ దగ్గర్నుంచి సంస్థకే తిరిగి వచ్చింది. ఆ అధికారం ఉన్న మనిషిని బృందంతో రోజూ కూర్చోబెట్టలేని సంస్థ అజైల్ జోలికి పోకపోవడమే నయం. స్ప్రింటులు, అంటే రెండు మూడు వారాల పని విడతలు, గడుస్తుంటాయి, నిర్ణయాలు మాత్రం పెండింగులో ఉంటాయి.

స్పైరల్‌ను ఈమధ్య ఎక్కువమంది తలుచుకోవడం లేదు, నాకది బాధ కలిగిస్తుంది. 1980లలో సాఫ్ట్‌వేర్ నిపుణుడు బ్యారీ బోమ్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో పని చుట్లు చుట్లుగా, అంటే విడతలుగా సాగుతుంది, ప్రతి విడతా ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: ఇప్పుడు మనల్ని ముంచగలిగేది ఏది? ముందు దాన్ని తేల్చాకే మిగతా పని. పాత డేటాను కొత్త వ్యవస్థకు మార్చడం, బ్యాంకుతోనో సరఫరాదారుతోనో అనుసంధానం, ఒకేసారి వచ్చిపడే లోడు, వీటన్నిటికీ ఇంతకన్నా సరిపోయే పద్ధతి లేదు. పాత కస్టమర్ రికార్డుల్లో ఎన్ని డూప్లికేట్లు ఉన్నాయో మొదటి నెలలోనే చూస్తే, చివరి నెలలో గో లైవ్ తేదీని, అంటే కొత్త వ్యవస్థ వాడకంలోకి వచ్చే తేదీని, వెనక్కి జరపాల్సిన అవసరం తగ్గుతుంది.

ప్రోటోటైప్, అంటే తొలి నమూనా గురించి ఒక్క మాట. అది తెలుసుకోవడానికి కట్టేది. మేనేజ్‌మెంట్ దాన్ని చూసి అయిపోయిందనుకుని వాడకంలోకి పెట్టమంటే, భద్రత, బ్యాకప్, ఆడిట్ లేని వ్యవస్థ మీద వ్యాపారం నడపాల్సి వస్తుంది.

వీటన్నిటికీ ముందు రావలసింది ప్రణాళిక. ఇందులోనూ రెండు దారులున్నాయి. ఐబీఎం తెచ్చిన బిజినెస్ సిస్టమ్స్ ప్లానింగ్ అనే పద్ధతి, సంస్థలోని పనులన్నిటినీ, అవి వాడే డేటానంతటినీ పట్టికలకెక్కిస్తుంది. ఏ డేటాకు ఏ విభాగం బాధ్యత వహించాలో దానితో బాగా తెలుస్తుంది, కానీ చాలా కాలం పడుతుంది. 1979లో మేనేజ్‌మెంట్ పరిశోధకుడు జాన్ రాకార్ట్ చెప్పిన పద్ధతి పైఅధికారులను ఒకటే అడుగుతుంది: ఏ నాలుగైదు విషయాలు సరిగ్గా జరగకపోతే మీ వ్యాపారం దెబ్బతింటుంది? నన్నడిగితే ముందు రాకార్ట్ పద్ధతితో వరస తేల్చి, ఎంచుకున్న భాగానికి మాత్రమే ఐబీఎం తరహా పట్టిక వేయాలి. సంస్థంతటికీ పట్టిక వేస్తూ కూర్చుంటే, అది పూర్తయ్యేలోపు విభాగాలే మారిపోతాయి.

ఏ పద్ధతిలో కట్టినా చివరికి పాతదాని నుంచి కొత్తదానికి మారే ఘట్టం ఒకటుంది. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఒక్క వారాంతంలో ఖాతాలన్నిటినీ కొత్త వ్యవస్థకు మార్చింది. డేటా చేరింది కానీ వ్యవస్థ తట్టుకోలేకపోయింది. దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. 2022లో నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. ఒక విభాగాన్నో, ఒక బ్రాంచినో ముందు మార్చి చూడటం ఇంతకన్నా ఎప్పుడూ మేలు. లెక్కలకు సంబంధించిన భాగానికైతే పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడిపి, కనీసం ఒక నెలాఖరు ముగింపు రెండింట్లోనూ ఒకటే వచ్చేదాకా పాతదాన్ని ఆపకూడదు. ఆ నెలలో అకౌంట్స్ సిబ్బంది ఒకే పని రెండుసార్లు చేయాలి. కాబట్టి వాళ్లకు అదనపు సాయం ఎవరిస్తారో ప్రాజెక్టు బడ్జెట్‌లోనే మొదటి రోజున రాసి ఉండాలి.