అత్తిరంపాక్కం ఎర్ర గరుసు కోసం ఒక రోజు

అత్తిరంపాక్కం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి ఆదిమానవుల రాతి పనిముట్లు. మేము వెళ్ళింది మాత్రం అవి దొరికిన ఎర్ర గరుసును, అంటే ఇనుము పట్టిన గులకల నేలను, చూడటానికి. చెన్నైకి వాయవ్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, కొసస్థలైయార్ నది దగ్గరున్న ఈ చోట 1863లో భూగర్భ శాస్త్రజ్ఞులు రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ చేతిగొడ్డళ్ళను (చేత్తో పట్టుకుని వాడేలా చెక్కిన రాళ్ళను) గుర్తించారు. అంతకు కొన్ని నెలల ముందు చెన్నై పక్కనున్న పల్లావరంలో ఫుట్‌కు దొరికిన మొదటి పనిముట్టు కూడా గరుసు గుంటలోనిదే.

తిరువళ్ళూరులో మేము దిగిన లాడ్జీలో తెల్లవారుజామున నీళ్ళు రాలేదు, మాట్లాడుకున్న కారేమో గంటన్నర ఆలస్యం చేసింది. చెన్నైలోనే బస చేసి చీకటితో బయలుదేరడం మేలు. ఎండెక్కాక ఆ నేల మీద ఎక్కువసేపు నిలబడలేము.

వాన నీరు కోసిన గండ్లలో పొరలు బయటపడి కనిపిస్తాయి. సగానికి పగిలిన ఒక గులకను సీసా నీళ్ళతో తడిపి భూతద్దంతో చూస్తే, ముదురు ఎరుపు నడిభాగం చుట్టూ పసుపుపచ్చని పెంకు తేలింది. తడి కాలంలో కరిగి కదిలిన ఇనుము, నేల ఆరినప్పుడు గాలి తగిలి తుప్పులా గట్టిపడుతుంది కనుక, ఇటువంటి గులకలు తడీ పొడీ మారి మారి వచ్చే వెచ్చని వాతావరణానికి గుర్తు. ఎరుపు హెమటైట్‌ది, పసుపు గోథైట్‌ది; రెండూ ఇనుప ఖనిజాలే. నేల ఎక్కువకాలం చెమ్మగా ఉన్నచోట గోథైట్‌దే పైచేయి. అయితే అంచులు అరిగి నున్నబడిన గులక వేరేచోట పుట్టి నీటితో కొట్టుకొచ్చినదై ఉంటుంది. అంటే, లోపలి వలయాలు అది పుట్టిన నేల వాతావరణాన్ని చెబితే, అది పడి ఉన్న పొర ఇక్కడి ప్రవాహపు వేగాన్ని చెబుతుంది. ఈ రెంటినీ ఒకటే అనుకుని చదివితే తప్పుదారి పడతాము.

గరుసు కింద పలుచని పొరలుగా ఉన్న బంకమన్ను నెమ్మదైన నీటిలో పేరుకున్నది. ఒకప్పుడు దాన్ని మనుషులు పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందటి క్రెటేషియస్ కాలపు షేల్ (బంకమన్ను గట్టిపడి ఏర్పడిన రాయి) అనుకున్నారు. కానీ 1999లో మొదలైన పురావస్తు శాస్త్రజ్ఞురాలు శాంతి పప్పు బృందం తవ్వకాల్లో ఆ బంకమన్నులోనే పనిముట్లు బయటపడ్డాయి. వాటి వయసు సుమారు 15 లక్షల ఏళ్ళని 2011లో ప్రకటించారు.

దగ్గర్లోని పూండి ఊళ్ళో ఉన్న ప్రాగైతిహాసిక (రాతకు ముందటి కాలపు) మ్యూజియానికి ఈ నేల చూశాకే వెళ్ళాలి. అప్పుడే అక్కడి చేతిగొడ్డళ్ళు ఎటువంటి మట్టిలోంచి వచ్చాయో కంటికి కడుతుంది. మన కృష్ణా నీళ్ళు చేరే జలాశయమూ ఆ ఊళ్ళోనే ఉంది. ఆ చుట్టుపక్కలే ఉన్న ఆదిమానవుల నాటి గుడియం గుహలకు నడక ఎక్కువ కాబట్టి వాటిని మరో రోజుకు పెట్టుకోవడం మంచిది.