పాత ఎంఎక్స్-5లో వెనక హోరు: వీల్ బేరింగా, డిఫరెన్షియలా?

1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 కారులో స్పీడు పెరిగేకొద్దీ వెనక నుంచి హోరు వస్తుంటే అనుమానం వీల్ బేరింగ్ (చక్రం తేలిగ్గా తిరిగేలా చూసే భాగం), డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె), ఈ రెండిటి మీదకే పోతుంది, కానీ ఊహించి ఏదో ఒకటి విప్పేస్తే డబ్బు దండగ. అన్నిటికన్నా ముందు టైర్లు ముందువి వెనక్కి మార్చి చూడండి, ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా అచ్చం బేరింగ్‌లాగే మోగుతుంది.

శబ్దం: బేరింగ్‌ది గరగర హోరు, యాక్సిలరేటర్ వదిలినా ఆగదు. డిఫరెన్షియల్‌ది సన్నని కూత, తొక్కితే ఒకలా, వదిలితే ఇంకోలా.

మలుపు: ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు హోరు పెరిగితే ఎక్కువగా కుడి బేరింగే. డిఫరెన్షియల్ కూత అంతగా మారదు.

ఖర్చు: బేరింగ్ చవకే, కానీ వెనకది ప్రెస్ మెషిన్‌తో నొక్కి ఎక్కించాలి. డిఫరెన్షియల్ గేర్ల సెట్టింగ్ నిపుణుల పని, మంచి సెకండ్ హ్యాండ్ యూనిట్ వేయించడమే నయం.

ప్రమాదం: వదులైన బేరింగ్‌తో దయచేసి హైవే ఎక్కొద్దు. సన్నని కూత మాత్రం ఆయిల్ సరిగ్గా ఉంటే చాలాకాలం అలాగే ఉండొచ్చు.

జాకీ ఎత్తినప్పుడు చక్రం ఊగినా, మలుపులో శబ్దం మారినా బేరింగ్ మార్చండి. యాక్సిలరేటర్‌తో మారితే ముందు డిఫరెన్షియల్ ఆయిల్ దించండి. ఆయిల్ దించే ప్లగ్‌కి సన్నని బూడిదరంగు పొడి అంటుకుంటే ఫర్వాలేదు, ఇనుప ముక్కలు కనిపిస్తేనే వేరే యూనిట్ వెతకండి.