ఎయిర్ రైఫిల్ చెక్కకు లిన్సీడ్ ఆయిల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నా ఎయిర్ రైఫిల్ చెక్కకు పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వేయించుకోమని నాకు సలహా ఇచ్చినవాళ్లకు ఒక జవాబు బాకీ ఉన్నాను. పీయూ మెరుస్తుంది, నీళ్లకు లొంగదు, కాదనను. కానీ దానికి సొట్ట పడితే ఆ ఒక్క చోటు బాగుచేయడం దాదాపు కుదరదు, మొత్తం గీకి మళ్లీ మొదటికి రావాల్సిందే. నేను పట్టించిన లిన్సీడ్ ఆయిల్‌తో, అంటే అవిసె నూనెతో, ఆ పేచీ లేదు. ఈ ఒక్క గుణం కోసం దాని మిగతా వేషాలన్నీ భరిస్తున్నాను.

పాత పాలిష్ తీయడం గురించి పెద్దగా చెప్పను. మా నాన్నగారి నాటి, 0.177 అంగుళాల గుండు పేల్చే ఎయిర్ రైఫిల్ అది. స్పిరిట్‌లో తడిపిన దూదితో ఓ మూల రుద్దితే జిగటగా కరిగింది, అంటే లక్క పాలిష్. మిగతాదంతా స్పిరిట్‌తోనే ఊడొచ్చింది. పట్టు దగ్గర చెక్కిన గళ్లలో ఇరుక్కున్న నల్ల జిడ్డు మాత్రం పాత టూత్‌బ్రష్‌కు గానీ లొంగలేదు. అక్కడ శాండ్ పేపర్ తగిలితే గళ్లు అరిగిపోతాయి. ఇనుము కూర్చునే అంచుల్లోనూ అంతే, గట్టిగా రుద్దితే చెక్క తగ్గి ఇనుము పైకి పొడుచుకొస్తుంది.

నూనె సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నాను. ‘డబుల్ బాయిల్డ్’ అని అడగాలి. క్రికెట్ బ్యాట్లకు పూసే పచ్చి అవిసె నూనె ఆరాలంటే చాలా రోజులు పడుతుంది. డబుల్ బాయిల్డ్‌లో అయితే త్వరగా ఆరడానికి లోహపు డ్రయ్యర్లు కలుపుతారు. పలచగా పూసి, చెక్క పీల్చుకున్నంత పీల్చుకోనిచ్చి, మిగిలింది పొడిగా తుడిచేయాలి. తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. మా ఇంట్లో వాటిని దండెం మీద విడివిడిగా ఆరేస్తాం.

ఇక అసలు సంగతి. షాద్‌నగర్ దగ్గర మావాళ్ల తోటలో ఖాళీ డబ్బాలు గురిపెట్టి కొడదామని బయల్దేరాం. రైఫిల్ మా బామ్మర్ది భుజాన, కవరులోనే ఉంది. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌కు పాతకాలపు ఇనుప జాలీ తలుపు. అతను లోపలికొచ్చి తలుపు లాగడం, వెనక్కి పొడుచుకున్న చెక్క దాంట్లో పడటం ఒకేసారి జరిగాయి. "ఏం కాలే బావా" అంటూనే కవరు విప్పి, బొటనవేలితో ఆ చోటు కప్పేశాడు. వేలు తీయించి చూస్తే, సరిగ్గా చెంప ఆనించే దగ్గర గోరు దిగేంత సొట్ట. ఆ రోజంతా గురి పెట్టినప్పుడల్లా అది చెంపకు తగులుతూనే ఉంది.

రాత్రి ఇంటికొచ్చి ఇనుప భాగమంతా విప్పి పక్కన పెట్టాను, ఆవిరి తగిలితే తుప్పే. తడి నూలు గుడ్డ మడతపెట్టి సొట్ట మీద వేసి, ఇస్త్రీ పెట్టె మొన ఆనించాను. చుయ్‌మంది. గుడ్డ ఎత్తితే సొట్ట సగం లేచింది! మళ్లీ తడిపి మళ్లీ పెట్టాను. నలిగిన నార ఆవిరికి ఉబ్బి తన చోటికి తాను వస్తుంది, తెగిన నార మాత్రం రాదు. అందుకే చివరికి సన్న గీత ఒకటి మిగిలింది. పైన పీయూ ఉండి ఉంటే ఆవిరి చెక్క దాకా సరిగ్గా పోయేది కాదు, పొర కూడా తెల్లబారేది. మర్నాడు పొంగిన నార మీద నూనె చుక్క వేసి 400 నంబరు శాండ్ పేపర్‌తో రుద్ది, వచ్చిన గుజ్జునే గీతలోకి నింపి తుడిచేశాను. కొన్నాళ్లు ఆ చోటు కాస్త లేతగా కనిపించింది. లిన్సీడ్ కాలం గడిచేకొద్దీ ముదురుతుంది కదా, ఇప్పుడు సొట్ట ఎక్కడుండేదో బామ్మర్ది కూడా చూపించలేడు.

మొదట్లో ‘పట్టులా ఉంటుంది’ అని అందరికీ చెప్పుకు తిరిగాను. ఏప్రిల్‌లో నిజంగానే అలా ఉంటుంది. ఆగస్టులో ముసురు పట్టిన రోజుల్లో కొత్తగా పూసిన చోటల్లా చెంపకు జిగట. ఆరడానికని నూనె డబ్బా మీద రాసిన 24 గంటలు ఎండాకాలం మాట. నీటి చుక్క నిలిస్తే మచ్చ పడుతుంది. ఒక వానాకాలం కవరు ఆనిన వైపంతా బూజు కమ్మింది, టర్పెంటైన్‌తో తుడిస్తే పోయిందనుకోండి. తేనెమైనం పూత వేశాక కొంత నయం, పూర్తిగా అయితే కాదు.

నాకు ఎండ తగిలే బాల్కనీ ఉంది, ఆదివారం చెక్క రుద్దుతూ కూర్చుంటే తిట్టేవాళ్లు లేరు, రైఫిల్ బయటికి తీసేది కూడా ఎప్పుడో ఒకసారి. కాబట్టి నాకు సరిపోయింది. జీపులో పడేసుకుని వానలో తిరిగేవాళ్లు అడిగితే నేనైనా పీయూనే చెబుతాను. లైసెన్సున్న తుపాకీ అయితే విప్పే పని గన్‌స్మిత్‌కే వదిలేయండి, నా అనుభవం ఎయిర్ రైఫిల్ దాటి పోలేదు.