సావేజ్ 99: తుపాకుల కలెక్టర్లు వద్దన్న రైఫిల్‌తో ఇన్నేళ్లు

పాత అమెరికన్ వేట తుపాకులు సేకరించేవాళ్ల లెక్కలో నా సావేజ్ 99కి పెద్ద విలువ లేదు. 1940ల చివర్లో మసాచుసెట్స్‌లోని చికోపీ ఫాల్స్‌లో తయారైన 99ఈజీ మోడల్ ఇది, క్యాలిబర్, అంటే తూటా రకం, .300 సావేజ్. నాకంటే ముందు వాడినవాళ్లెవరో స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించడానికి రిసీవర్ (లోపలి యంత్రమంతా ఉండే ఉక్కు పెట్టె) పక్కన బెజ్జాలు వేశారు. వెనక చెక్క కొంచెం కోసి రబ్బరు ప్యాడ్ తగిలించారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలనే కలెక్టర్ బేరం మానుకోవడానికి ఈ రెండూ చాలు. ఆ బెజ్జాల పుణ్యమా అని నాకు దాదాపు సగం ధరకు దొరికింది. అప్పటినుంచి పెన్సిల్వేనియాలో జింకల సీజన్ వస్తే సేఫ్‌లోంచి బయటికి తీసేది దీన్నే.

దీన్ని తయారుచేసిన ఆర్థర్ సావేజ్ పుట్టింది జమైకాలో. న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికాలో కంపెనీ పెట్టి 1899లో ఈ డిజైన్ తెచ్చాడు. చిన్న చిన్న మార్పులతో అది దాదాపు వందేళ్లు నడిచింది, పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఎందుకంత కాలం నిలిచిందో అర్థం కావాలంటే దాని పోటీదారు వించెస్టర్ 94ని చూడాలి. రెండూ లీవర్ రైఫిళ్లే, ట్రిగ్గర్ దగ్గరున్న లీవర్‌ను కిందికి లాగి పైకి మూస్తే తర్వాతి తూటా ఎక్కుతుంది. వించెస్టర్‌లో తూటాలు బ్యారెల్ కింద గొట్టంలో వరసగా పడుకుంటాయి, వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌కు (తూటా అడుగున మందును అంటించే బిళ్లకు) ఆనుకుని. మొనదేలిన బుల్లెట్ పెడితే, పేల్చినప్పటి కుదుపుకు గొట్టంలోనే మరొకటి పేలే ప్రమాదముంది. కాబట్టి మొద్దు ముక్కు బుల్లెట్లే వాడాలి, అవేమో దూరం వెళ్లేకొద్దీ త్వరగా వేగం కోల్పోతాయి.

సావేజ్ ఆ గొట్టాన్నే తీసేశాడు. రిసీవర్ లోపల గుండ్రంగా తిరిగే ఇత్తడి స్పూల్ (కండె) పెట్టాడు. ఐదు తూటాలు ఎవరి గాడిలో వాళ్లుంటారు, ఒకరి ముక్కు ఇంకొకరికి తగలదు. దాంతో లీవర్ రైఫిల్లో కూడా మొనదేలిన, వేగంగా వెళ్లే బుల్లెట్లు వాడే వీలు కలిగింది. 1915లో చార్లెస్ న్యూటన్ రూపొందించిన .250-3000 అనే తూటా వచ్చింది. సెకనుకు మూడు వేల అడుగుల వేగమని పేరులోనే చెప్పుకుంది. 1920లో .300 సావేజ్ వచ్చింది. ఆ తర్వాత .308 వించెస్టర్ అనే తూటాకు దారితీసిన ప్రయోగాలు కూడా ఈ .300 కేస్‌తోనే (తూటా ఇత్తడి తొడుగుతోనే) మొదలయ్యాయి.

వాడకంలో నాకు బాగా నచ్చింది రిసీవర్ ఎడమ పక్కనున్న చిన్న కిటికీ. స్పూల్‌లో ఎన్ని తూటాలున్నాయో అందులో అంకె కనిపిస్తుంది. బోల్ట్ (తూటాను వెనక నుంచి మూసి ఉంచే కడ్డీ) వెనక ఒక చిన్న పిన్ ఉంటుంది. రైఫిల్ కాక్ అయి, అంటే పేలడానికి సిద్ధంగా, ఉంటే అది పైకి లేస్తుంది, చీకట్లో బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చు. పేలకుండా ఆపే సేఫ్టీ కూడా ఆ లీవర్ మీదే ఉంది, అది వేస్తే ట్రిగ్గర్‌తో పాటు లీవర్ కూడా కదలదు. ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ రైఫిళ్లలో ఇంత ఆలోచన నాకు కనబడదు. రిసీవర్ కింద చేయి వేసి పట్టుకుంటే బరువు సరిగ్గా అక్కడే ఉంటుంది, రోజంతా గుట్టలెక్కినా చేయి లాగదు. పెన్సిల్వేనియాలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో (పేల్చగానే తర్వాతి తూటా తనే ఎక్కించుకునేదానితో) జింకల్ని వేటాడకూడదు. పాత లీవర్, పంప్ తుపాకులు ఇక్కడ ఇన్ని ఇళ్లలో కనిపించడానికి అదీ ఒక కారణం.

ఇక లోపాలు. ట్రిగ్గర్ నొక్కడానికి బరువు, బాగు చేయించినా కొత్త బోల్ట్ రైఫిల్ అంత తేలిగ్గా రాదు. ఖాళీ చేయాలంటే మ్యాగజైన్ ఊడదీసే పని కుదరదు, లీవర్ ఆడిస్తూ ఒక్కో తూటా బయటికి లాగాలి. సాయంత్రం వేళ్లు కొంకర్లు పోయాక అది చిరాకు పెడుతుంది. దశాబ్దాల నాటి నూనె లోపల జిగురులా గట్టిపడి ఉంటే గడ్డకట్టే చలిలో స్పూల్ మొరాయిస్తుంది. శుభ్రంగా కడిగించి పల్చటి నూనె వేయించాక నాకు ఆ బాధ లేదు. .300 సావేజ్ తూటాలు ప్రతి షాపులో ఉండవు, ఉన్నచోట .308 కంటే ఖరీదెక్కువ.

కొనేవాళ్లు ముందు చూడాల్సింది రిసీవర్ వెనక తోక చెక్కలోకి దిగే చోటు. ఈ మోడల్‌కు అక్కడ పగులు రావడం మామూలే. వెంట్రుకంత గీత కనిపించినా స్టాక్ (వెనక చెక్క) విప్పించి చూడండి. స్క్రూల తల మీది గాట్లు చెదిరిపోయాయంటే ఎవరో తెలిసీ తెలియక లోపల కెలికారన్నమాట. 1949 నుంచి దాదాపు ఇరవయ్యేళ్లపాటు వచ్చినవాటికి లీవర్ మొదట్లో చిన్న కోడిగుడ్డు ఆకారం ముద్రలో ఏడాదిని చెప్పే అక్షరం ఉంటుంది. అంతకు ముందువాటికి సీరియల్ నంబరే ఆధారం. బ్లూయింగ్ (ఉక్కు మీది నల్లటి పూత) మరీ కొత్తగా మెరిసిపోతుంటే ఎవరో మళ్లీ వేయించి ఉండొచ్చు, అది అనుమానించాల్సిన విషయం, మెచ్చుకోవాల్సింది కాదు.

మన తెలుగువాళ్ల పార్టీల్లో "ఇదేం పిచ్చి అన్నా, గన్ను పెట్టుకుని అడవిలో కూర్చుంటావా?" అని అడుగుతుంటారు. 1972 చట్టం తర్వాత మన దేశంలో వేట దాదాపు లేదు కాబట్టి వాళ్లకు వింతగానే ఉంటుంది. స్కోప్‌లోంచి చూపించమని మళ్లీ వాళ్లే అడుగుతారు, సేఫ్ తాళం మాత్రం పార్టీ రోజు తీయను.

అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవాలనుకుంటే బెజ్జాల్లేని 99 కొనండి, ధర కూడా పెరుగుతుంది. కానీ దాన్ని వర్షంలోకి తీసుకెళ్లడానికి మనసొప్పదు. నాలా వాడుకోవాలంటే మాత్రం బెజ్జాలున్నదే వెతకండి, స్కోప్ కోసం బెజ్జాలు వేయించే ఖర్చు ఉండదు. నాదాని రబ్బరు ప్యాడ్ ఇప్పుడు రాయిలా గట్టిపడిపోయింది. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం సీజన్ మొదలయ్యేలోపు దాన్ని మార్పించాలి.